సంచి వెనకవైపు చిన్న అక్షరాలు

కుక్క ఆహారం సంచిని ఎవరైనా ముందువైపు నుంచే చూస్తారు. నిగనిగలాడే బొచ్చుతో ఒక కుక్క, పక్కన ఎర్రటి మాంసం ముక్క, రెండు క్యారెట్లు, నాలుగు ఆకులు. కుక్కకు చదవడం రాదు, బొమ్మలు పట్టవు. ఆ అలంకారమంతా మన కోసమే. చేతిలో ఉన్న డబ్బు లెక్క చూసుకుని కొనాల్సినవారు ముందుగా చేయవలసిన పని సంచిని వెనక్కి తిప్పడం. అసలు సంగతులు అక్కడ చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి.

మొదట కనిపించేది పదార్థాల జాబితా. చాలా దేశాల్లో దీనికి నియమం ఒకటే: బరువు ఎక్కువున్నదాని పేరు ముందు రావాలి. మెలిక ఏమిటంటే, ఆ బరువు వండకముందు తూచినది. తాజా కోడిమాంసంలో సుమారు 70 శాతం నీరే. పొడి గుళికగా మారేసరికి 100 గ్రాముల మాంసం 30, 35 గ్రాముల దగ్గర ఆగుతుంది. అంటే జాబితాలో మొదటి పీట మీద కూర్చున్న తాజా చికెన్ గుళికలోకి వచ్చేసరికి మూడో నాలుగో స్థానానికి జారిపోయి ఉండవచ్చు. దాని కింద ‘చికెన్ మీల్’ అని ఒక పేరు ఉంటుంది, చూడగానే ముఖం చిట్లించేది. అది ముందే నీరు, కొవ్వు తీసి ఎండబెట్టిన పొడి. దాని బరువులో ఇంక తగ్గేది పెద్దగా ఏమీ ఉండదు. ఇంకో చమత్కారం కూడా ఉంది. మొక్కజొన్న అంతటినీ ఒకే పేరుతో రాస్తే జాబితా నెత్తిన కూర్చుంటుంది. దాన్నే మొక్కజొన్న, మొక్కజొన్న పిండి, మొక్కజొన్న గ్లూటెన్ (గింజలోని ప్రోటీన్ భాగం) అని మూడు పాయలు చేస్తే మూడూ మాంసం కిందికి సర్దుకుంటాయి. రాసినదానిలో అబద్ధం ఒక్కటీ లేదు. చదివినవారు మాత్రం పొరబడతారు.

అలాగే ‘ఉప ఉత్పత్తులు’ అన్న మాట కనబడగానే సంచి కింద పెట్టేసేవారు ఉన్నారు. కాలేయం, మూత్రపిండాలు, ప్లీహం, ఊపిరితిత్తులు, మనం కంచంలో పెట్టుకోవడానికి పెద్దగా ఇష్టపడనివన్నీ ఆ పేరు కిందికే వస్తాయి. తోడేలు వేటాడిన జంతువులో ముందు తినేవి ఇవే. విటమిన్లు, ఖనిజాలు కండలో కన్నా వీటిలోనే ఎక్కువ, ధర తక్కువ. వీటికి భయపడి ఎక్కువ చెల్లించడం కుక్క కోసం కాదు, మన ఏవగింపు కోసం.

జాబితా పక్కన నాలుగు అంకెలుంటాయి: ప్రోటీన్ కనీసం ఇంత, కొవ్వు కనీసం ఇంత, పీచు గరిష్ఠంగా ఇంత, తేమ గరిష్ఠంగా ఇంత. ఇక్కడ ప్రోటీన్‌కు ముందు ‘ముడి’ అనే అర్థం వచ్చే మాట ఒకటి ఉంటుంది. దాన్ని తేలిగ్గా దాటిపోకూడదు. దాని వెనక 1883 నాటి కథ ఉంది. కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ బీరు కర్మాగారపు ప్రయోగశాలలో యోహాన్ కెల్డాల్ అనే రసాయన శాస్త్రవేత్త ధాన్యంలో ప్రోటీన్ ఎంతుందో తేల్చే పద్ధతి కనిపెట్టాడు. ప్రోటీన్‌ను నేరుగా కొలవడు. నమూనాను సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మరిగించి, అందులోని నైట్రోజన్‌ను కొలుస్తాడు. ప్రోటీన్లలో సగటున 16 శాతం నైట్రోజన్ ఉంటుంది కాబట్టి వచ్చిన అంకెను 6.25తో గుణిస్తే ప్రోటీన్ లెక్క తేలుతుంది. చవకైనది, నమ్మదగినది, నేటికీ వాడుకలో ఉన్నది. ఒక్కటే లోపం: ఆ నైట్రోజన్ ఎక్కడి నుంచి వచ్చిందో దానికి తెలియదు. లేత మాంసమైనా, కోడి ఈకైనా, తోలు ముక్కైనా దానికి ఒకటే.

ఈ లోపం ఖరీదు 2007లో తెలిసింది. ఉత్తర అమెరికాలో పిల్లులు, కుక్కలు మూత్రపిండాలు చెడి చనిపోవడం మొదలైంది. ఆ ఏడాది మార్చిలో సుమారు 6 కోట్ల ఆహార డబ్బాలు, ప్యాకెట్లు వెనక్కి పిలిపించారు. చైనా నుంచి తెచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ దొరికింది. ప్లాస్టిక్ పళ్లేల తయారీలో వాడే రసాయనమది. దాని బరువులో మూడింట రెండు వంతులు నైట్రోజనే. 6.25తో గుణించి చూడండి: ఒక గ్రాము మెలమైన్ ప్రయోగశాలలో నాలుగు గ్రాములకు పైగా ప్రోటీన్‌గా కనిపిస్తుంది. అసలు ప్రోటీన్ మాత్రం సున్నా. మెలమైన్, దానితో పాటు ఉన్న సయన్యూరిక్ ఆమ్లం కలిసి మూత్రపిండాల్లో స్ఫటికాలు కట్టాయి. ఆ ఉదంతంలో బయటపడిన ఇంకో విషయం మన లెక్కకు మరింత ముఖ్యం. వెనక్కి పిలిపించిన వాటిలో చవక పేర్లూ ఉన్నాయి, ఖరీదైన పేర్లూ ఉన్నాయి. అవి ఒకే కర్మాగారాల్లో తయారయ్యాయి. ఎక్కువ ధర పెట్టి భద్రత కొన్నామనుకున్నవారికి దక్కింది వేరే రంగు రేకు.

ఇక తేమ. డబ్బా ఆహారం మీద ప్రోటీన్ 8 శాతం, పొడి గుళికల మీద 26 శాతం అని ఉంటే ఏది ఎక్కువ? డబ్బాలో 78 శాతం నీరుంటే పొడి పదార్థం మిగిలేది 22 శాతమే. 8ని 22తో భాగిస్తే 36 శాతం. గుళికల్లో నీరు 10 శాతం కాబట్టి 26ను 90తో భాగిస్తే 29. డబ్బాలోనే ప్రోటీన్ ఎక్కువ. అయితే ఆ డబ్బాలో మీరు డబ్బిచ్చి కొన్నది ఎక్కువ భాగం నీళ్లు. నీళ్లు తక్కువ తాగే కుక్కకు, పళ్లు ఊడిన ముసలి కుక్కకు అది మేలే. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు గిన్నెలో నీళ్లు ఎలాగూ ఉచితం.

అసలు లెక్క ఇక్కడి నుంచి మొదలవుతుంది. కుక్క కిలోలు తినదు, కేలరీలు తింటుంది. లేబుల్ మీద కేలరీలు రాయకపోతే మనమే కట్టుకోవచ్చు. ప్రోటీన్ గ్రాముకు 3.5, కొవ్వుకు 8.5, పిండిపదార్థానికి 3.5 కిలోకేలరీలు. పిండిపదార్థం లేబుల్ మీద సాధారణంగా ఉండదు. వందలో నుంచి ప్రోటీన్, కొవ్వు, పీచు, తేమ తీసేసి, బూడిద, అంటే ఆహారాన్ని కాల్చితే మిగిలే ఖనిజాల కింద మరో 7, 8 తగ్గిస్తే మిగిలేది అదే. ఒక చవక సంచి తీసుకుందాం: ప్రోటీన్ 22, కొవ్వు 9, పీచు 5, తేమ 10, బూడిద 8. పిండిపదార్థం 46. వంద గ్రాములకు సుమారు 315 కిలోకేలరీలు. దాని పక్కన కాస్త ఖరీదైనది: ప్రోటీన్ 28, కొవ్వు 17, పీచు 3, తేమ 10, బూడిద 7. పిండిపదార్థం 35. వంద గ్రాములకు 365.

ఇప్పుడు కుక్కకు రోజుకు ఎన్ని కిలోకేలరీలు కావాలి? బరువును మూడుసార్లు గుణించి, వచ్చినదానికి వర్గమూలం, దానికి మళ్లీ వర్గమూలం తీసి 70తో గుణించాలి. ఫోనులోని క్యాలిక్యులేటర్ చాలు. 15 కిలోల కుక్కకు 15 × 15 × 15 = 3375. రెండుసార్లు వర్గమూలం తీస్తే 7.62. అంటే కదలకుండా పడుకుని ఉన్నా 534 కిలోకేలరీలు ఖర్చవుతాయి. పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించిన, మామూలుగా తిరిగే పెద్ద కుక్కకు దీన్ని 1.6తో గుణిస్తారు: సుమారు 850. చవక సంచి నుంచి అయితే రోజుకు 270 గ్రాములు, రెండో దాని నుంచి 233. పది కిలోల సంచి ఒకటి 37 రోజులకు ఖాళీ అవుతుంది, మరొకటి 43 రోజులు వస్తుంది. రెండో సంచి ధర 16 శాతం ఎక్కువున్నా రోజు ఖర్చు ఒకటే. రెట్టింపు ధర అయితే ఈ లెక్క దాన్ని కాపాడలేదు, ఆ సంగతీ ఇదే లెక్క చెబుతుంది. కుక్కకూ కుక్కకూ అవసరంలో బాగా తేడా ఉంటుంది కాబట్టి 850 అనేది మొదలుపెట్టే చోటు మాత్రమే. నెల తిరిగాక బరువు చూసి సవరించుకోవాలి.

లేబుల్ చెప్పని విషయం ఒకటుంది, దాన్ని కుక్కే చెబుతుంది. తిన్నదాంట్లో ఎంత అరిగింది? పొడి పదార్థంలో 88 శాతం అరిగితే బయటికి వచ్చేది 12 శాతం. 76 శాతమే అరిగితే 24, అంటే సరిగ్గా రెట్టింపు. ఆహారం మార్చిన రెండు మూడు వారాల తరువాత పెంట పరిమాణం బాగా పెరిగితే, కొన్నదాంట్లో పెద్ద వాటా అలాగే దాటిపోతోందన్నమాట. గట్టిగా, చిన్నగా, తీసేటప్పుడు నేలకు అంటుకోకుండా ఉంటే డబ్బు దండగ కాలేదు. భోజనం వేళ చదివేవారు మన్నించాలి, ఇంతకన్నా చవకైన పరీక్ష నాకు తెలియదు.

సంచి మీద మరో వాక్యం వెతకాలి: ఈ ఆహారం ఏ వయసు కుక్కకు ‘సంపూర్ణం, సమతుల్యం’ అన్నది. అమెరికాలో ఆఫ్కో, ఐరోపాలో ఫెడియాఫ్ అనే సంస్థలు పోషకాల కనీస ప్రమాణాలు ప్రచురిస్తాయి. ఆఫ్కో లెక్కలో పెద్ద కుక్కకు పొడి పదార్థంలో కనీసం 18 శాతం ప్రోటీన్, 5.5 శాతం కొవ్వు. కూనలకు 22.5, 8.5. ‘ప్రీమియం’, ‘హోలిస్టిక్’ వంటి మాటలకు ఆ నియమాల్లో నిర్వచనమే లేదు. సంపూర్ణం అన్న మాటకు ఉంది. చవక సంచి మీద ఈ వాక్యం ఉండి ఖరీదైన సంచి మీద లేకపోతే నేను తడుముకోకుండా చవకది తీసుకుంటాను. పెద్ద జాతి కూనల విషయంలో మాత్రం ఇంకొంచెం జాగ్రత్త కావాలి. మితిమీరిన కాల్షియాన్ని వదిలించుకునే శక్తి లేత వయసులో వాటికి తక్కువ, ఎముకలు వంకర పోతాయి. వాటికోసమే తయారైనది కొనాలి.

ధాన్యం లేని ఆహారానికి అదనంగా చెల్లించాలా? తోడేలు గోధుమ తినదు కాబట్టి కుక్కా తినకూడదన్నది వాదన. 2013లో ఉప్సాలా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ రెండింటి జన్యువులు పోల్చారు. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా కనిపించాయి. వేల ఏళ్లు మనిషి గుమ్మంలో పడుకున్న జంతువు మనిషి తిండికి అలవాటుపడింది. 2018లో అమెరికా ఎఫ్‌డీఏ, ధాన్యానికి బదులు బఠానీలు, పప్పులు దండిగా వేసిన ఆహారాలకూ గుండె కండరం సాగి బలహీనపడే జబ్బుకూ సంబంధం ఉందేమోనని విచారణ మొదలుపెట్టింది. కారణం ఇదేనని తేలలేదు. కానీ అదనపు ధర ఇవ్వడానికి కూడా కారణం కనిపించదు.

ఇంట్లో వండి పెడితే ఖర్చు తగ్గుతుందనేది మంచి మనసుతో చేసే పొరపాటు. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ పశువైద్యులు ఇంటి వంటకాలు 200 పరిశీలిస్తే, వాటిలో 95 శాతానికి కనీసం ఒక అత్యవసర పోషకం తక్కువైంది. ఎక్కువగా మాంసం, అన్నం పెట్టే ఇళ్లలో దెబ్బతినేది కాల్షియం. ఎముక లేని మాంసంలో భాస్వరం కాల్షియం కన్నా పది రెట్లకు మించి ఉంటుంది. కుక్కకు కావలసింది కాల్షియం సమానంగానో కాస్త ఎక్కువగానో ఉండే పాళ్లు. ఆ లోటును శరీరం తన ఎముకల నుంచే పూడ్చుకుంటుంది. వండిన మాంసమో గుడ్డో రోజు కేలరీల్లో పదో వంతు దాటకుండా గుళికల్లో కలిపితే చిక్కు లేదు. ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ మాత్రం ముట్టనివ్వకూడదు.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు మిగిల్చేది గిన్నెలో పడే కొలత. మా ఇంట్లో ఒకసారి వంటింటి తూకం తెచ్చి చూశాం. అదే కప్పు, అదే గీత. నేను పోసినదానికీ మా అబ్బాయి పోసినదానికీ ఇరవై గ్రాముల తేడా. వాడికి కుక్క మీద ప్రేమ ఎక్కువ, కుప్పగా పోస్తాడు. రోజుకు రెండు పూటలు, ఏడాదికి 14 కిలోలకు పైగా. సంచిన్నర ఆహారం ఆ కుప్పలోనే పోతోంది, కుక్క నడుము చుట్టూ చేరుతోంది. ప్యూరినా సంస్థ 48 లాబ్రడార్‌లను జంటలుగా విడదీసి, ప్రతి జంటలో ఒకదానికి 25 శాతం తక్కువ పెట్టి జీవితాంతం గమనించింది. 2002లో ఫలితాలు వచ్చాయి. తక్కువ తిన్నవాటి మధ్యగత ఆయుర్దాయం 13 ఏళ్లు, మిగతావాటిది 11.2. ఆహారం అమ్మే సంస్థే తక్కువ పెట్టమని రుజువు చేయడం ముచ్చటే. కుక్క పక్కటెముకల మీద వేళ్లు ఆడించండి. మీ అరచేతిని తిప్పి వెనక ఎముకలను తడిమితే ఎలా తగులుతాయో అలా తగిలితే సరిపోయింది. అరచేతివైపులా మెత్తగా ఉంటే తగ్గించాలి, పిడికిలి కణుపుల్లా పొడుచుకొస్తే పెంచాలి.

పెద్ద సంచి కిలోకు చవక పడుతుంది. అయితే గుళికల పైపూతగా ఉన్న కొవ్వు గాలి తగిలిన దగ్గర నుంచి మక్కిపోవడం మొదలుపెడుతుంది, తెరిచాక ఆరు వారాల్లో ముగించడం మంచిది. 15 కిలోల కుక్కకు పది కిలోల సంచి దాదాపు సరిగ్గా సరిపోతుంది. నాలుగు కిలోల కుక్కకు అదే సంచి మూడు నుంచి నాలుగు నెలలు వస్తుంది, దానికి చిన్న సంచే చవక. గుళికలను డబ్బాలోకి ఒంపేయకుండా సంచితో సహా డబ్బాలో పెట్టి మూత బిగించడం మేలు. డబ్బా అడుగున పాత కొవ్వు పేరుకోదు. పైగా బ్యాచ్ నంబరు ఉండేది సంచి మీదే. 2007లో లాగా వెనక్కి పిలుపు వచ్చిన రోజున, తమ కుక్క తింటున్నది ఆ బ్యాచో కాదో చెప్పగలిగేది సంచి పారేయనివారే.