మాధవరం సిపాయిని రికార్డుల్లో ఎక్కడ వెతకాలి

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అంటే మిలిటరీ మాధవరం, మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండోదానికి వెయ్యికి పైగా వెళ్లారని చెప్పుకుంటారు. సరే, అందులో ఒక్కాయన్ని పట్టుకుని ఎవరి కొడుకు, ఏ పటాలం, ఎక్కడ కొట్లాడాడు అని తవ్వితే చిత్రంగా ఉంటుంది, యుద్ధంలో చనిపోయినాయన దొరికినంత ఈజీగా తిరిగొచ్చినాయన దొరకడు.

చనిపోయినవాళ్ల లెక్క, యుద్ధంలో పోయిన సైనికుల సమాధులు, స్మారకాలు చూసుకోవడానికి 1917లో పెట్టిన కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ (అప్పటి పేరు ఇంపీరియల్) దగ్గరుంది, ఆన్‌లైన్లో ఫ్రీగా చూడొచ్చు. రెండో యుద్ధం ఎంట్రీల్లో నంబరు, యూనిట్, తేదీతో పాటు చాలాసార్లు తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి, అంటే సగం వంశవృక్షం అక్కడే. మొదటి యుద్ధం దగ్గరే అన్యాయం. ఇరాక్‌లో ఉన్న బస్రా మెమోరియల్ మీద మనవాళ్లలో ఆఫీసర్ల పేర్లే చెక్కారు, మామూలు సిపాయిలకి యూనిట్‌కి ఇంతమంది అని అంకె వేసి వదిలేశారు. దీనికి కమిషన్ క్షమాపణ చెప్పింది 2021లో!

ఇంకో తిరకాసు జిల్లా పేరు. పశ్చిమ గోదావరి పుట్టిందే 1925లో, అంతకుముందు ఈ ఊళ్లన్నీ కృష్ణా జిల్లా కింద, కాబట్టి 1914 నాటి మనిషిని గోదావరి అని వెతికితే రాడు, ఇంగ్లిష్ వాళ్ల స్పెల్లింగులో 'కిస్ట్నా' (Kistna) అని కొట్టాలి, ఇంటిపేరుకి ఏ స్పెల్లింగ్ రాశారో ఆ గుమాస్తాకే తెలియాలి.

పటాలం సంగతీ అంతే. యుద్ధానికి పనికొచ్చే జాతులు వేరే ఉన్నాయని తెల్లదొరలు ఒక పిచ్చి సిద్ధాంతం పట్టుకుని మద్రాసు పటాలాల్ని ఒక్కోటీ ఎత్తేశారు, రెండో యుద్ధంలో మనుషులు చాలక మద్రాస్ రెజిమెంట్‌ని మళ్లీ లేపారు. అందుకే 1914 నాటి వాళ్లని కర్నాటిక్ ఇన్‌ఫాంట్రీ అనే కాల్బలంలో, దారులు వేస్తూ కొట్లాడే పయనీర్లలో, ఎప్పుడూ ఆగని మద్రాస్ సాపర్స్ అనే ఇంజనీర్ల పటాలంలో చూడాలి.

బతికొచ్చినవాళ్ల కోసం లండన్ బ్రిటిష్ లైబ్రరీ మీద ఆశ పెట్టుకోవద్దు, అక్కడున్నవి ఎక్కువగా ఆఫీసర్ల ఫైళ్లు. జవాన్లవి రెజిమెంట్ రికార్డ్ ఆఫీసుల పని, మద్రాస్ రెజిమెంట్‌కి నీలగిరుల్లోని వెల్లింగ్టన్, సాపర్స్‌కి బెంగళూరు, పెన్షన్ వచ్చి ఉంటే జిల్లా సైనిక్ వెల్ఫేర్ ఆఫీసులోనూ అడగొచ్చు. అడగాలంటే ఆర్మీ నంబరు కావాలి, అది ట్రంకు పెట్టెలో మూలపడ్డ మెడల్ అంచు మీదే చాలాసార్లు ఉంటుంది, రెండో యుద్ధంలో బ్రిటన్ సైనికులకి పేరు లేకుండానే ఇచ్చారు గానీ ఇండియన్ ఆర్మీ వాళ్లకి నంబరు, పేరు చెక్కి ఇచ్చారు, కాబట్టి పాత సామాన్లవాడికి వేసేముందు ఒకసారి భూతద్దంతో ఆ అంచు చూడండి.