ఎముకలేని జీవుల శిలాజాలు: అపోహలు - వాస్తవాలు

ఎడియాకరన్ కాలపు (సుమారు 63.5 నుంచి 53.9 కోట్ల ఏళ్ళ కిందటి) సముద్రజీవుల గురించి క్లాసులో మొదలుపెట్టగానే ఈ మాటలు వస్తాయి.

అపోహ: ఎముకో, గుల్లో లేకపోతే శిలాజం ఏర్పడదు.

వాస్తవం: 1946లో భూగర్భశాస్త్రవేత్త రెగ్ స్ప్రిగ్ దక్షిణ ఆస్ట్రేలియాలోని ఎడియాకరా కొండల్లో చూసిన ముద్రల్లో ఎముకా లేదు, గుల్లా లేదు. ఆ కాలపు డికిన్సోనియా మెత్తగా, చదునుగా, ఒళ్ళంతా చారలతో ఉండేది. కొన్ని మీటరు దాటి పెరిగాయి. అప్పట్లో సముద్రపు అడుగున సూక్ష్మజీవుల జిగురుపొర పరుచుకుని ఉండేది, దాన్ని తవ్విపారేసే జంతువులు ఇంకా పెద్దగా లేవు. తుపానుకి ఇసుక ఒక్కసారిగా వచ్చి కప్పేసేది. లోపలి జీవి కుళ్ళిపోయేలోపే ఆ ఇసుక అడుగుభాగం గట్టిపడాలి. కిటుకంతా అక్కడే. జిగురుపొర కుళ్ళేటప్పుడు ఏర్పడ్డ ఇనుప సల్ఫైడ్ ఇసుకరేణువుల్ని అతికించిందని శిలాజ శాస్త్రవేత్త జిమ్ గెలింగ్ 1999లో ప్రతిపాదించాడు. అప్పటి సముద్రంలో దండిగా కరిగి ఉన్న సిలికాయే (ఇసుకలో ఉండే ఖనిజమే) ఆ పని చేసిందని తర్వాత ఇంకొందరు వాదించారు. నా మొగ్గు సిలికా వైపే.

అందుకే రాతిపలక పైభాగం కన్నా అడుగుభాగమే మాకు ముఖ్యం. తిరగేసి, ఏటవాలు వెలుతురులో చూడాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఎంత మంచి నమూనా అయినా వట్టి రాయే.

అపోహ: ఇవన్నీ జెల్లీఫిష్‌లు.

వాస్తవం: స్ప్రిగ్ కూడా మొదట అలాగే అనుకున్నాడు. ఆ గుండ్రటి ముద్రల్లో చాలావరకు, ఆకు ఆకారపు జీవులు నేలను పట్టుకుని నిలబడ్డ మొదళ్ళు.

అపోహ: ముద్రే తప్ప జీవి పదార్థం మిగలదు.

వాస్తవం: చాలాచోట్ల నిజమే. కానీ రష్యాలో శ్వేతసముద్రం దగ్గర దొరికిన 55.8 కోట్ల ఏళ్ళ నాటి డికిన్సోనియాల మీద పల్చటి సేంద్రియపొర మిగిలింది. అందులో, ముఖ్యంగా జంతువుల ఒంట్లో ఉండే కొలెస్టరాల్ ఆనవాళ్ళున్నాయని ఇల్యా బొబ్రోవ్‌స్కీ బృందం 2018లో చూపించింది. డికిన్సోనియాని లైకెన్ (శిలీంధ్రం, నాచు కలిసి బతికే జీవి) అన్నవాళ్ళకీ, ఏకకణజీవి అన్నవాళ్ళకీ ఇక జవాబు చెప్పడం కష్టమైంది. అది జంతువే.

అపోహ: ఆకారం కలిస్తే చాలు, అదే జీవి.

వాస్తవం: భోపాల్ దగ్గరి భీంబేట్కా గుహలో డికిన్సోనియా దొరికిందని 2021లో పత్రికలన్నీ రాశాయి. ఫొటోలో చారలు భలే కలిశాయి మరి! తర్వాత మరో బృందం వెళ్ళి చూస్తే ఆ 'శిలాజం' రాతి నుంచి పెచ్చులుగా ఊడుతోంది. 55 కోట్ల ఏళ్ళు ఆగినది రెండుమూడేళ్ళలో రాలిపోతుందా? అది కొండ తేనెటీగల పాత పట్టు. 2023లో ఈ సంగతి అచ్చయ్యాక, మొదట ప్రకటించిన గ్రెగరీ రెటలాక్ కూడా ఒప్పుకున్నాడు. ఆ గుహ ఉన్న వింధ్య శిలల పైపొరల వయసు మీద ఎప్పట్నుంచో నడుస్తున్న వాదంలో ఆ ముద్రను సాక్ష్యంగా చూపినవాళ్ళు ఇప్పుడు వేరే ఆధారం వెతుక్కోవాలి.