వెల్‌హౌసెన్ రాజీనామా: బైబిల్ స్టడీస్‌కీ చర్చికీ మధ్య గొడవ ఎక్కడ మొదలైంది?

బైబిల్‌ని యూనివర్సిటీలో చరిత్రలాగా చదవడం అనగానే మనవాళ్ళు చాలామంది ఇదేదో నాస్తికులు పెట్టిన చిచ్చు అనుకుంటారు, కానీ మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది విశ్వాసులే. 1753లో ఫ్రాన్స్ రాజుగారి డాక్టర్ జాన్ ఆస్ట్రుక్, మోషే రాశాడని చెప్పుకునే ఆదికాండంలో (బైబిల్ మొదటి పుస్తకం) దేవుడి పేరు మారుతోంది, కొన్ని కథలు రెండేసిసార్లు వస్తున్నాయి, అంటే మోషే చేతిలో అంతకుముందటి పత్రాలేవో ఉండుంటాయి అని రాశాడు. ఆయన ఉద్దేశం మోషేనే రచయిత అన్న నమ్మకాన్ని కాపాడుకోవడమే! మీరూ తీసి చూడండి, మొదటి అధ్యాయంలో జంతువుల తర్వాత మనుషులు, రెండో అధ్యాయంలో ముందు ఆదాము, తర్వాత జంతువులు, ఆఖర్న హవ్వ.

1787లో జర్మనీలోని ఆల్ట్‌డార్ఫ్‌లో గాబ్లర్ అనే ప్రొఫెసర్ పని రెండుగా పంచాడు. రాసినవాళ్ళు వాళ్ళ కాలంలో ఏమనుకున్నారో తేల్చడం చరిత్ర పని, ఈరోజు సంఘం ఏం నమ్మాలో చెప్పడం సిద్ధాంతం పని. వినడానికి బానే ఉంది, కానీ రెండు పనులూ ఒకే కుర్చీలో కూర్చున్న మనిషి మీద పడ్డాయి, ఎందుకంటే అక్కడ జీతమిచ్చేది ప్రభుత్వం, క్లాసులో కూర్చునేది మాత్రం రేపటి పాస్టర్లు.

ఆ బరువు దిగింది యూలియస్ వెల్‌హౌసెన్ అనే జర్మన్ ప్రొఫెసర్ నెత్తిన. 1878లో ఆయన పుస్తకం వచ్చింది, లేవీయకాండంలో కనపడే యాజకుల ధర్మశాస్త్రం మోషే కాలంది కాదు, బబులోను చెర (యూదులు బబులోనులో బందీలుగా ఉన్న కాలం) తర్వాత రూపం తీసుకుంది, ఆ ధర్మశాస్త్రం కంటే ప్రవక్తలే ముందు అని వాదించాడు. నాలుగేళ్ళకి, 1882లో, గ్రైఫ్స్‌వాల్డ్‌లో థియాలజీ పోస్టుకి తనే రాజీనామా పెట్టేశాడు. ఎంత జాగ్రత్తగా చెప్పినా నా స్టూడెంట్లు సంఘ సేవకి పనికిరాకుండా పోతున్నారు అన్నది ఆయన లెటర్ సారాంశం. హాలేకి వెళ్ళి తక్కువ హోదా పోస్టులో సెమిటిక్ భాషలు చెప్పుకున్నాడు. ఈ మొత్తం చరిత్రలో నాకు బాగా నిజాయితీగా అనిపించిన పని ఇదే.

స్కాట్లాండ్‌లో రాబర్ట్‌సన్ స్మిత్ అనే బైబిల్ ప్రొఫెసర్‌కి ఆ ఛాన్స్ కూడా ఇవ్వలేదు, బ్రిటానికా ఎన్‌సైక్లోపీడియాలో బైబిల్ మీద వ్యాసం రాసినందుకు మొదలైన విచారణ సాగిసాగి 1881లో ఫ్రీ చర్చి వాళ్ళు అబర్డీన్ కాలేజీ పోస్టు పీకేశారు. రోమ్‌లోని క్యాథలిక్ చర్చి అయితే ఇంకా గట్టిగా పట్టుకుంది, పంచకాండాలు (బైబిల్ మొదటి ఐదు పుస్తకాలు) మోషేవి కావనడానికి ఆధారాలు చాలవని 1906లో ఆ చర్చి బిబ్లికల్ కమిషన్ తేల్చేసింది, 1943లో పన్నెండో పయస్ పోప్, ఏ గ్రంథం ఏ రకం రచనో చూసి చదవాలని చెప్పాకే క్యాథలిక్ పండితులు ఊపిరి పీల్చుకున్నారు.

మన దగ్గరికి ఇది బెంగాల్‌లోని సెరాంపూర్ ఇచ్చే థియాలజీ డిగ్రీలతో వచ్చింది. బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) చదివేవాళ్ళు పంచకాండాలకి పండితులు జె, ఇ, డి, పి అని పేర్లు పెట్టిన నాలుగు మూలాల సంగతి పరీక్షలో రాస్తారు, తర్వాత ఆదివారం వాక్యం చెప్పేటప్పుడు ఆ ఊసే ఎత్తనివాళ్ళే ఎక్కువ. వెల్‌హౌసెన్ కుర్చీ మారాడు, మన పాస్టర్‌గారికి మాత్రం ఉన్నది ఆ ఒక్క పల్పిటే కదా.