నాలుగు నిమిషాల వీడియో: చాగోస్ గొడవలో ఎవరి మాట చెల్లింది?

హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల పేరు మళ్లీ వార్తల్లో నలుగుతోంది. 2025 మే 22న బ్రిటన్, మారిషస్ ఒప్పందంపై సంతకాలు చేశాక ఈ గొడవ సర్దుకుంటుందని చాలామంది అనుకున్నారు. సర్దుకోలేదు. ఆ ఒప్పందం ప్రకారం దీవులు మారిషస్‌వి. వాటిలో ఒకటైన డియెగో గార్సియాలోని బ్రిటన్-అమెరికా సైనిక స్థావరం మాత్రం 99 ఏళ్లు బ్రిటన్ చేతిలో ఉంటుంది, అందుకు ఏటా సగటున 10.1 కోట్ల పౌండ్లు కట్టాలి. లండన్‌లో ప్రతిపక్షం ఆ అంకె చూసి మండిపడుతోంది. వ్యూహ నిపుణులు చైనా గురించి మాట్లాడుతున్నారు. ఢిల్లీ ఒప్పందాన్ని స్వాగతించింది. ఇంతమంది మాట్లాడుతుంటే ఆ దీవుల్లో పుట్టినవాళ్లలో ఒక వర్గం అడుగుతున్నది మాత్రం ఒకటే: మమ్మల్ని ఎవరడిగారు?

ఈ కథను మామూలుగా 1965లో బ్రిటన్ ఈ దీవులను మారిషస్ నుంచి విడదీయడంతో మొదలుపెడతారు. అమెరికా స్థావరం కోసం 1973 నాటికల్లా దాదాపు 1,500 మందిని ఖాళీ చేయించి మారిషస్‌లో, సీషెల్స్‌లో దించేశారన్నది అందరికీ తెలిసిందే. ఈనాటి తగాదా అర్థం కావాలంటే అక్కడ కాదు, 2003 అక్టోబరు 9న లండన్ హైకోర్టులో ఆగాలి. దీవులవాళ్ల నోటిమాట ఓడిపోయింది ఆ రోజే.

నష్టపరిహారం కోసం, తిరిగి వెళ్లే హక్కు కోసం దీవులవాళ్లు వేసిన దావా అది. సాక్షుల్లో చదువురాని పెద్దవాళ్లున్నారు. వాళ్లు తమ క్రియోల్ భాషలో చెబితే దుబాసీ ఇంగ్లీషులో చెప్పాలి. వాళ్లు చెప్పిన తీరు ఊళ్లో పెద్దవాళ్లు చెప్పే తీరే. ‘మమ్మల్ని ఓడెక్కించారు’, ‘మా కుక్కల్ని చంపేశారు’, ‘మావాళ్లు దిగులుతో పోయారు’. అంతా ‘మేము’. కోర్టుకు కావలసింది ‘నేను’. ఏ ఏడు, ఏ ఓడ, నువ్వు చూశావా లేక ఎవరైనా చెబితే విన్నావా? తారీఖుల లెక్కలో కాక ‘పెద్దోడు పాకే రోజుల్లో’ అని గుర్తుపెట్టుకునే మనిషి దానికేం చెబుతుంది? ముప్పై ఏళ్లు తమలో తాము చెప్పుకుంటూ వచ్చిన కథలో సొంతంగా చూసినది, విన్నది కలిసిపోయాయనీ, చాలా చోట్ల వీళ్ల సాక్ష్యం మీద ఆధారపడలేననీ జడ్జి తేల్చారు. దావా కొట్టేశారు.

న్యాయంగా చెప్పాలంటే జడ్జి అన్నదాంట్లో కొంత నిజం ఉంది. జ్ఞాపకం అలాగే పనిచేస్తుంది. ఒకరి ఇంట్లో జరిగింది పదిళ్లలో చెప్పుకుంటే పదిళ్లదీ అవుతుంది. కానీ అవతలి పక్క కాగితం సంగతేమిటి?

1966లో బ్రిటన్ విదేశాంగ అధికారుల మధ్య నడిచిన నోట్లు ముప్పై ఏళ్ల తర్వాత బయటపడ్డాయి. ఆ దీవుల్లో సముద్రపు పక్షులు తప్ప స్థానికులెవరూ ఉండరని ఒక అధికారి రాస్తే, పక్షులతో పాటు ఎక్కడి నుంచి వచ్చారో తెలియని కొందరు ‘టార్జాన్లు, మ్యాన్ ఫ్రైడేలు’ (అడవి మనుషులన్న ఎగతాళి) కూడా ఉన్నారు, వాళ్లను మారిషస్‌కు అంటగట్టొచ్చని ఆశ అని ఇంకొకరు రాశారు. ఎన్నో తరాలుగా అక్కడే పుట్టి అక్కడే పోయినవాళ్లను కాంట్రాక్టు కూలీలుగా చూపించడం తెలిసి తెలిసి చేసిన పని. అంటే ఈ కథలో కాగితం అబద్ధమాడింది, నోరు నిజం చెప్పింది. కోర్టు నోటికే రుజువు అడిగింది. 2000 నవంబరులో హైకోర్టు దీవులవాళ్లకు అనుకూలంగా తీర్పిచ్చింది. ఆ గెలుపును 2004లో రాణి పేరు మీద వచ్చిన ఉత్తర్వులు తుడిచేశాయి.

కుక్కల సంగతే తీసుకోండి. డియెగో గార్సియా ఖాళీ చేయిస్తున్నప్పుడు పెంపుడు కుక్కల్ని చంపెయ్యమని ఆదేశం వచ్చింది. ముందు కాల్చి చూశారు, తర్వాత విషం పెట్టారు. చివరికి ఎండుకొబ్బరి ఆరబెట్టే కొట్టులోకి తోలి, తలుపులు మూసి, బండ్ల పొగ లోపలికి వదిలారు. దీవుల్లో బతుకంతా కొబ్బరే. కాయలు కోయడం, ఒలవడం, ఆరబెట్టడం, ఓడకెత్తడం. ఏ కొట్టులో రోజూ పని చేశారో ఆ కొట్టులోంచే కుక్కల అరుపులు విన్నామని ముసలివాళ్లు చెబుతారు. ఇది జనం అల్లుకున్న కథ కాదు. ఆ పని చేయించిన తోట మేనేజరు కూడా తర్వాత ఇదే చెప్పాడు.

వాళ్ల మాటల్లో ఇంకొకటి తరచూ వస్తుంది: సాగ్రెన్. మనసు విరిగిపోయే దిగులు. ‘మా నాన్న దేనితో పోయాడు?’ అంటే ‘సాగ్రెన్‌తో’ అంటారు. ఏ డెత్ సర్టిఫికెట్‌లోనూ ఈ జబ్బుకు గడి ఉండదు.

ఇక్కడ మన తెలుగువాళ్ల ప్రస్తావన ఒకటి. మారిషస్‌లో మనవాళ్లను ఒకప్పుడు కోరంగివాళ్లనేవారు, కోరంగి రేవు పేరు మీద. చెరకు తోటల కూలికి ఒప్పందం మీద వెళ్లిన వాళ్ల పేరు, తండ్రి పేరు, ఊరు రాసిన రిజిస్టర్లు అక్కడి మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఇప్పటికీ ఉన్నాయి. అక్కడి తెలుగు కుటుంబం తన ముత్తాత ఊరేదో వెతుక్కోగలదు. ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల మనవళ్లైన చాగోస్ దీవులవాళ్లకు ఆ వీలు చాలా తక్కువ. వాళ్లకున్న రిజిస్టరు ముసలివాళ్ల నోరే. అందుకే దాన్ని రికార్డు చేయడం వాళ్లకు సరదా పని కాదు.

2003 ఓటమి తర్వాత వాళ్లు చెప్పే తీరే మారిందని నా అనుమానం. పరిశోధకులూ డాక్యుమెంటరీ తీసేవాళ్లూ టేపులు, కెమెరాలు పట్టుకొచ్చారు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడగడం పెరిగింది. అది ఎక్కడికి చేరిందో 2018 సెప్టెంబరు 3న హేగ్‌లో కనిపించింది.

అంతర్జాతీయ న్యాయస్థానంలో విచారణ మొదటి రోజు. మారిషస్ తరఫున లాయర్లు మాట్లాడాక తెర మీద ఒక వీడియో వేశారు. లిజ్బీ ఎలిజే అనే పెద్దావిడ, దాదాపు నాలుగు నిమిషాలు. ఆమెకు చదవడం, రాయడం రాదు. క్రియోల్‌లో, కాగితం లేకుండా చెప్పింది. పేరు. పుట్టింది 1953లో చాగోస్‌లోని పెరోస్ బాన్హోస్ దీవుల్లో. తండ్రి పుట్టింది సిక్స్ ఐల్స్‌లో, తల్లి పెరోస్ బాన్హోస్‌లోనే, తాత అమ్మమ్మలదీ అక్కడే. ఓడ పేరు నార్డ్‌వేర్. తమ దీవి కనిపించకుండా చీకట్లో ఎక్కించారు. జంతువుల్లా కుక్కారు. నాలుగు రోజుల ప్రయాణం. అప్పటికి తనకు నాలుగో నెల. మారిషస్ చేరాక పుట్టిన బిడ్డ దక్కలేదు.

ఆ మాటల్ని 2003 తీర్పు పక్కన పెట్టి చూడండి. అప్పుడు లోపమన్న ప్రతిదానికీ ఇందులో జవాబుంది. ‘మేము’ పోయి ‘నేను’ వచ్చింది. ఏడు, దీవి, ఓడ, రోజులు అన్నీ ఉన్నాయి. ఇంత పకడ్బందీగా ఉండటం కాకతాళీయం అనుకోను. అలాగని బిడ్డను పోగొట్టుకున్న దుఃఖం తయారుచేసింది అయిపోదు.

అదే రోజు బ్రిటన్ సొలిసిటర్ జనరల్ లేచి, ఆ ప్రజలను తరలించిన తీరు సిగ్గుచేటు, తప్పు అని ఒప్పుకున్నారు. అయితే సార్వభౌమాధికారం రెండు దేశాల మధ్య విషయం, కోర్టుది కాదన్నది వాళ్ల వాదన. 1982లోనే 40 లక్షల పౌండ్లు ఇచ్చి లెక్క తేల్చేశామన్నది ఎప్పుడూ చెప్పేదే. ఆ డబ్బుకు బదులుగా హక్కులు వదులుకుంటున్నట్టు ఇంగ్లీషులో ఉన్న కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నారు. ఏం రాసుందో తెలియదంటారు వేసినవాళ్లు. సీషెల్స్‌లో దించిన కుటుంబాలకు అదీ దక్కలేదు. 2019 ఫిబ్రవరి 25న న్యాయస్థానం 13-1తో, బ్రిటన్ వీలైనంత త్వరగా దీవుల పాలన వదులుకోవాలని సలహా అభిప్రాయం చెప్పింది. ఒక న్యాయమూర్తి ఆ వీడియో సాక్ష్యాన్ని తన విడి అభిప్రాయంలో ప్రస్తావించారు. ఆ మేలో ఐరాస సర్వసభ్య సభ 116-6తో దాన్ని బలపరిచింది. మన దేశం 116లో ఉంది.

ఇప్పటి గొడవకు మూలం కూడా ఆ వీడియోలోనే ఉంది. తాను మారిషస్ బృందంలో ఒకరినని ఎలిజే అందులో మొదటే చెప్పుకుంది. ఆమె అబద్ధమాడలేదు, ఆమెను ఎవరూ లాక్కురాలేదు. కానీ దీవులవాళ్ల గొంతుగా ప్రపంచం విన్న ఆ గొంతు ఒక ప్రభుత్వం కేసులో భాగంగా వినబడింది. 2002 చట్టంతో బ్రిటిష్ పౌరసత్వం వచ్చాక ఇంగ్లండ్‌లో గాట్విక్ విమానాశ్రయం పక్కనున్న క్రాలీ ఊళ్లో చేరినవాళ్లలో చాలామందికి మారిషస్ మీద నమ్మకం లేదు. అక్కడి మురికివాడల్లో పడ్డ పాట్లు వాళ్లు మరిచిపోలేదు. ఆ జ్ఞాపకాలు హేగ్ తెర మీదికి రాలేదు. మారిషస్ వాదనకు అవి పనికిరావు మరి.

ఇంకొక తేడా కూడా ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. 2022 ఫిబ్రవరిలో మారిషస్ అద్దె ఓడలో ఎలిజే, ఇంకొందరు పెరోస్ బాన్హోస్ వెళ్లి, ఇసుక ముద్దు పెట్టుకుని, పాడుబడ్డ చర్చి దగ్గర చెట్టూచేమా తీసి వచ్చారు. 2025 ఒప్పందం డియెగో గార్సియా తప్ప మిగతా దీవుల్లో మళ్లీ జనాన్ని నిలిపే హక్కు మారిషస్‌కు ఇస్తోంది. అంటే పెరోస్ బాన్హోస్‌లో పుట్టినవాళ్లకు కనీసం ఒక దారి ఉంది. డియెగో గార్సియాలో పుట్టినవాళ్లకు అదీ లేదు.

ఒప్పందం మీద సంతకాలు జరగాల్సిన మే 22 తెల్లవారుజామున డియెగో గార్సియాలో పుట్టిన ఇద్దరు ఆడవాళ్లు లండన్ హైకోర్టు నుంచి స్టే తెచ్చుకున్నారు. అప్పటికి టైము రెండున్నర కావొస్తోంది. మధ్యాహ్నం పన్నెండు దాటాక ఇంకో జడ్జి దాన్ని ఎత్తేశారు. ఆ సాయంత్రం లోపే సంతకాలైపోయాయి.