జిల్లా అనకాపల్లి అయింది, టేబుల్లో మాత్రం ఇంకా విశాఖే

2022 ఏప్రిల్ 4న మన ఉమ్మడి విశాఖ జిల్లా విడిపోయింది కదా, విశాఖ, అనకాపల్లి, పాడేరు కేంద్రంగా అల్లూరి జిల్లా. కంప్యూటర్ డేటాబేస్‌లో కస్టమర్ల వివరాలుండే టేబుల్లో ప్రతి రోలోనూ జిల్లా పేరు టైప్ చేయించుకున్న వాళ్లకి అక్కడ్నుంచి మొదలైంది తలనొప్పి, ఎందుకంటే ఆ కాలమ్‌లో ఒకచోట విశాఖపట్నం, ఇంకోచోట వైజాగ్, మరోచోట ఉత్త విశాఖ అని ఉంటుంది, వీళ్లలో చోడవరం వాళ్లెవరో అరకు వాళ్లెవరో తేలాలంటే అడ్రస్‌లు ఒక్కొక్కటీ చదువుకుంటూ కూర్చోవాలి.

దీనికి మందు 1970లోనే దొరికింది. అంతకుముందు, చంద్రుడి మీదకెళ్లిన అపోలో విడిభాగాల లెక్క కోసం పుట్టిన ఐబీఎం ఐఎంఎస్ లాంటి డేటాబేస్‌లలో డేటా లోపల ఏ వరసలో ఉందో ప్రోగ్రామ్ రాసేవాళ్లకి తెలిసుండాలి, ఆ వరస మారితే ప్రోగ్రామూ మార్చాలి. ఐబీఎంలోనే పనిచేసే ఎడ్గర్ కాడ్ డేటా అంతా టేబుల్స్‌గా చూసే రిలేషనల్ మోడల్ తెచ్చి, ఆ తర్వాత టేబుల్స్‌ని ఎలా విడగొట్టాలో చెప్పే నార్మల్ ఫామ్స్ అనే నియమాలు కూడా ఇచ్చాడు. ఒక విషయం ఒక్కచోటే రాయి, మిగతాచోట్ల దాని కీ, అంటే దాన్ని గుర్తుపట్టే ఐడీ, పెట్టు, అంతే. మన కాలేజీల్లో థర్డ్ నార్మల్ ఫామ్ డెఫినిషన్ అడుగుతారు గానీ అది లేకపోతే ఏం పాడవుతుందో చూపించరు, నాకు బాధ అక్కడే.

1995లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కూడా మనకి కొన్ని చెడ్డ అలవాట్లు చేసింది. డేటాని దాచే దాని పాత డిఫాల్ట్ ఇంజిన్ మైఐసామ్‌లో ఫారిన్ కీ (ఇక్కడ పెట్టిన కీ అవతలి టేబుల్లో ఉండి తీరాలనే షరతు) రాస్తే ఎర్రర్ కూడా రాదు, ఊరికే వదిలేస్తుంది, 2010లో 5.5 వెర్షన్‌తో గానీ ఆ షరతు పాటించే ఇన్నోడీబీ డిఫాల్ట్ కాలేదు. 8.0 వెర్షన్ వచ్చేదాకా డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ (ఏ అక్షరాలు దాచగలదో చెప్పే పట్టిక) తెలుగు అక్షరాలు లేని లాటిన్1, అందులోకి తెలుగు పేరు ప్రశ్నార్థకాలుగా సేవ్ అయితే ఇక అసలు పేరు తిరిగి రాదు.

జిల్లాల సంగతికొస్తే, కస్టమర్ రోలో మండలం ఐడీ పెట్టండి, మండలాన్ని జిల్లాకి కలిపే టేబుల్ వేరే పెట్టి అందులో ఎప్పట్నుంచి ఎప్పటిదాకా అని తేదీలు రాయండి. తేదీలు ఎందుకంటే 2021లో చోడవరం వాళ్లకిచ్చిన బిల్లు మళ్లీ ప్రింట్ తీస్తే అందులో విశాఖ జిల్లా అనే రావాలి, ఉన్న పేరు మార్చేసి ఊరుకుంటే పాత రికార్డంతా తప్పైపోతుంది.

ఇంకోటి, సర్వర్ అప్‌గ్రేడ్ చేశాం కదా అనుకోవద్దు, పాత టేబుల్స్ పాత క్యారెక్టర్ సెట్‌తోనే ఉండిపోతాయి, షో క్రియేట్ టేబుల్ (SHOW CREATE TABLE) అనే కమాండ్ కొట్టి ఒక్కోటీ చూసుకోండి, మార్చేముందు బ్యాకప్ తీసుకోండి.