చదువు మార్చిందా, హాస్టలు మార్చిందా?

సంక్రాంతి సెలవులకు పిల్లలు ఇళ్లకు చేరగానే పలమనేరు, పుంగనూరు, పీలేరు చుట్టుపక్కల పల్లెల్లో ఒక మాట తప్పకుండా వినబడుతుంది. "మావోడు శానా మారిపోయినాడు." తిన్న కంచం తనే కడిగి బోర్లిస్తున్నాడు. ఇదివరకు చుట్టాలొస్తే గదిలో దూరి తలుపేసుకునేవాడు, ఇప్పుడు గడప దగ్గరే పలకరించి మంచినీళ్లిస్తున్నాడు. నాయన గొంతు పెంచితే తనూ పెంచకుండా "అట్లగాదు నాయినా, ముందు విను" అంటున్నాడు. ఆడపిల్లల్లో ఈ మార్పు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తిరుపతి నుంచి ఒక్కతే బస్సెక్కి వస్తుంది. బ్యాంకు పని తనే చూసుకుంటుంది. పెళ్లి సంగతెత్తితే "పీజీ కానీండి, చూద్దాం" అని మొహం మీదే చెప్పేస్తుంది. అందరికీ ఇది నచ్చుతుందని కాదు. మార్పు వచ్చిందన్నది మాత్రం అందరూ ఒప్పుకుంటారు.

మరి ఆ మార్పును ఎవరి ఖాతాలో రాయాలి? పద్దెనిమిదేళ్లు దాటాక మనిషి ఎక్కడున్నా కొంత మారతాడు. టెన్త్‌తో చదువాపి బెంగళూరు హోటల్లో పనికి కుదిరిన కుర్రాడూ మారతాడు, నాయన వెంట టమోటా మండీకి తిరిగే కుర్రాడూ మారతాడు. పైగా యూనివర్సిటీ దాకా వచ్చే పిల్లలు మొదటి నుంచే కాస్త చొరవ ఉన్నవాళ్లై ఉండొచ్చు. అందుకే పాతికేళ్ల వయసులో చదివినవాళ్లనూ చదవనివాళ్లనూ పక్కపక్కన నిలబెట్టి పోలిస్తే ఏమీ తేలదు. తేడా చదువు వల్ల వచ్చిందో, తేడా ఉండటం వల్లే చదువు దాకా వచ్చారో చెప్పలేం.

ఈ చిక్కు విప్పాలంటే కాలేజీలో అడుగు పెట్టక ముందే పిల్లల స్వభావం కొలిచి పెట్టుకుని, తర్వాత ఏళ్ల తరబడి వాళ్లను వదలకుండా అనుసరించాలి. ఆస్ట్రేలియాలో కాసెన్‌బోమర్, ల్యూంగ్, షూరర్ అనే ముగ్గురు పరిశోధకులు ఇలాంటి సమాచారంతోనే లెక్క కట్టారు. 575 మంది పిల్లల ఎనిమిదేళ్ల వివరాలు తీసుకుని, ఎవరు యూనివర్సిటీలో చేరారు, ఎవరు చేరలేదు, ఎవరి స్వభావం ఎటు కదిలింది అని చూశారు. ఫలితాలు 2018లో అచ్చయ్యాయి. స్వభావాన్ని కొలవడానికి మనస్తత్వ శాస్త్రంలో ఐదు గుణాల పద్ధతి ఒకటుంది. కొత్తదనం మీద ఆసక్తి, పని మీద శ్రద్ధ, కలుపుగోలుతనం, ఎదుటివాళ్ల పట్ల మెత్తదనం, మనసు నిలకడ. వాగుడుకాయ, జాలిగుండె, పద్ధతి గల మనిషి వంటి మాటలు తనకు ఎంత వర్తిస్తాయో ఎవరికి వాళ్లు మార్కులు వేసుకోవాలి. ఇది మరీ సున్నితమైన తూనిక కాదు. అయినా వందల మంది మీద, ఏళ్ల తేడాతో వాడితే పనికొస్తుంది.

తేలిందేమిటంటే, యూనివర్సిటీ చదువుకూ కలుపుగోలుతనం పెరగడానికీ గట్టి సంబంధం ఉంది. ఎదుటివాళ్ల పట్ల మెత్తదనం కూడా పెరిగింది, కానీ అందరిలో కాదు, వెనకబడిన కుటుంబాల నుంచి వచ్చిన పిల్లల్లో. ఇంతకన్నా నన్ను ఆకట్టుకున్నది మూడో సంగతి. ఏ కోర్సు చదివారు, ఏ యూనివర్సిటీలో పాఠాలు ఎంత బాగా చెప్పారు అన్నవాటితో ఈ మార్పుకు పెద్దగా సంబంధం కనిపించలేదు. క్లాసు బయటి బతుకే దీన్ని తెచ్చి ఉంటుందని పరిశోధకుల అభిప్రాయం. లెక్చరర్లు నొచ్చుకోకూడదు మరి.

అయితే ఇల్లు వదిలి హాస్టల్లో ఉండటమే చాలా? చాలదని మన జిల్లా వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల్లో పిల్లలు రెండేళ్లు హాస్టల్లోనే ఉంటారు. తెల్లవారుజామున స్టడీ అవర్, పగలంతా క్లాసులు, రాత్రి మళ్లీ స్టడీ అవర్, వారాంతంలో పరీక్ష. వందల మంది ఒకే కప్పు కింద ఉంటారు గానీ ఒకరితో ఒకరికి పని పడదు. పక్క బెంచీవాడు స్నేహితుడి కన్నా ముందు ర్యాంకుకు పోటీదారు. అక్కణ్నుంచి బయటపడ్డ కుర్రాడికి గణితం వస్తుంది, భౌతికశాస్త్రం వస్తుంది, పక్కవాడితో తగువు తీర్చుకోవడం మాత్రం రాదు. అదెక్కడ వస్తుందో చూడాలంటే యూనివర్సిటీ మెస్సుకు పోవాలి.

డివైడింగ్ మెస్ నడిచే హాస్టల్లో నెలాఖరు రాత్రి సంగతి ఇది. బల్లలు తుడిచాక మెస్ కమిటీ కూర్చుంటుంది. నలుగురైదుగురు పిల్లలు, ఒక పొడుగు రిజిస్టరు, సెల్‌ఫోన్‌లో కాలిక్యులేటరు. బియ్యం, గ్యాసు, పాలు, కూరగాయలు, వంటవాళ్ల కూలి అన్నీ కూడి, ఎవరు ఎన్ని రోజులు తిన్నారో చూసి ఆ ప్రకారం పంచాలి. లెక్క అయిదో తరగతిది, తగువు పార్లమెంటుది. గుడ్డు ముట్టని కుప్పం కుర్రాడు "మీ గుడ్ల దుడ్లు నేనెందుకు కట్టాల మచ్చా?" అంటాడు. "నువ్వు రోజూ రెండుసార్లు పెరుగు ఏయించుకుంటావే, అది ఎవురి లెక్కలో రాయాల?" అని మదనపల్లె కుర్రాడు తగులుకుంటాడు. మధ్యలో గుంటూరు నుంచి వచ్చినవాడు, ఈ ఊళ్లో సాంబారు తప్ప పప్పు కనబడదా, కారం అనే వస్తువు మీకు తెలుసా అని తన బాధ తను చెప్పుకుంటాడు. కర్నూలు వాడికి వారానికోసారైనా జొన్నరొట్టె కావాలి. గంటన్నర అరుచుకున్నాక గుడ్లు వేరే పద్దులోకి పోతాయి, పెరుగు ఉమ్మడిలో ఉండిపోతుంది, జొన్నరొట్టె వాయిదా పడుతుంది. తర్వాతి వారం తెల్లారి ఐదింటికి కూరగాయలు తేవడానికి ఆటోలో పోవాల్సిన ఇద్దరి పేర్లు రాస్తారు. గుడ్డు వాడూ పెరుగు వాడూ అందులో ఉంటారు.

ఈ రాత్రి జరిగిందానికి సామాజిక మనస్తత్వ శాస్త్రంలో డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది. 1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఒక ప్రతిపాదన చేశాడు. వేరు వేరు గుంపుల మనుషులు ఊరికే ఎదురుపడితే ద్వేషం తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. తగ్గాలంటే వాళ్లు సమాన హోదాలో కలవాలి, ఇద్దరికీ ఒకటే లక్ష్యం ఉండాలి, అది సాధించడానికి ఒకరికొకరు తోడు పడాలి, పైవాళ్ల మద్దతూ ఉండాలి. దీని మీద దశాబ్దాలుగా జరిగిన 515 అధ్యయనాలను 2006లో పెటిగ్రూ, ట్రాప్ అనే పరిశోధకులు ఒక్కచోట చేర్చి చూస్తే, ఆల్‌పోర్ట్ మాట చాలావరకు నిలబడింది. పరిచయం సాధారణంగా దురభిప్రాయాన్ని తగ్గిస్తుంది, ఆ షరతులు కుదిరితే ఇంకా బాగా తగ్గిస్తుంది. మెస్ కమిటీలో ఆ నాలుగూ ఉన్నాయి. అందరూ కట్టేది ఒకే రకం బిల్లు, అందరికీ కావలసింది అది తగ్గడం, వంతులవారీ మార్కెట్ పని, పైన వార్డెను సంతకం.

ఆల్‌పోర్ట్ ఆ మాట రాసిన 1954లోనే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలైంది. కాకతాళీయమే గానీ నాకు ఇష్టమైన కాకతాళీయం. 1983లో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. 2015లో ఐఐటీ, సైన్సు చదువుకూ పరిశోధనకూ పెట్టిన కేంద్ర సంస్థ ఐసర్ రెండూ ఒకే ఏడు వచ్చాయి. ఇప్పుడు తిరుపతిలో పిల్లలు గుమిగూడే టీ కొట్టు దగ్గర నిలబడితే చిత్తూరు తెలుగు, శ్రీకాకుళం తెలుగు, హిందీ, మలయాళం, బెంగాలీ అన్నీ చెవిన పడతాయి. దేశమంతటి నుంచీ భక్తులు వచ్చే ఊరికి రకరకాల మనుషులు కొత్తేం కాదు. కానీ భక్తుడు దర్శనం చేసుకుని మర్నాడు వెళ్లిపోతాడు. విద్యార్థి రెండేళ్లో నాలుగేళ్లో అదే గదిలో, అదే బకెట్టుతో, అదే రూమ్మేటుతో వేగాలి.

ఆ "ఎవరితో" అన్న దగ్గరే మనం తప్పు చేస్తున్నామని నా అభిప్రాయం. గదులు కేటాయించే రోజు ఏం జరుగుతుందో చూడండి. సీనియర్లు వచ్చి "ఏ ఊరు? ఎవురోళ్లు?" అని అడిగి మనోణ్ని మన గదిలో వేసుకుంటారు. తొలి రోజుల్లో అది ధైర్యమే, కాదనను. కానీ ఊరు వదిలి వంద కిలోమీటర్లు వచ్చిన పిల్లవాడు మళ్లీ తన ఊళ్లోనే, తన వీధిలోనే పడతాడు. అమెరికాలో కొన్ని యూనివర్సిటీలు మొదటి ఏడాది గదులను లాటరీ తరహాలో ఇస్తాయి. దానివల్ల పరిశోధకులకు ప్రయోగశాల దొరికినట్టయింది. స్నేహితుణ్ని మనం ఎంచుకుంటాం కాబట్టి అతని ప్రభావం ఎంతో తేల్చలేం, చీటీలో వచ్చిన రూమ్మేటు విషయంలో తేల్చవచ్చు. 2006లో అచ్చయిన అలాంటి ఒక అధ్యయనంలో, నల్లజాతి రూమ్మేటు దొరికిన తెల్లజాతి విద్యార్థులు తర్వాత కాలంలో అక్కడి రిజర్వేషన్ల వంటి విధానాలను ఎక్కువగా సమర్థించారు. వాళ్లకు ఉపన్యాసాలు ఎవరూ ఇవ్వలేదు, గది ఇచ్చారంతే.

ఇక్కడి కులం లెక్క వేరు అనేవాళ్లకు ఉత్తరప్రదేశ్ క్రికెట్ చూపించాలి. మ్యాట్ లో అనే ఆర్థికవేత్త అక్కడ 1,261 మంది యువకులతో ఒక ప్రయోగం చేశాడు. కొందరిని చీటీలతో వేరే కులాల వాళ్లున్న జట్లలో, కొందరిని సొంత కులం వాళ్ల జట్లలో వేసి నెల రోజులు లీగులు ఆడించాడు. మిగిలినవాళ్లను పోలిక కోసం బయట ఉంచాడు. ఒకే జట్టులో కలిసి ఆడినవాళ్లకు కులం దాటిన స్నేహాలు పెరిగాయి. వేరే కులం వాళ్లతో ప్రత్యర్థులుగానే తలపడినవాళ్లకు ఆ మేలు జరగలేదు, కొన్ని విషయాల్లో ఎడం పెరిగింది కూడా. అంటే ఆట ఒక్కటే చాలదు, జట్టు ఎలా కట్టామన్నది చూసుకోవాలి. క్యాంపస్‌లో టోర్నమెంటు పెట్టేవాళ్లు దీన్ని గోడ మీద రాసుకోవచ్చు. సంక్షేమ హాస్టళ్ల సంగతి కూడా ఆలోచించాల్సిందే. అవి లేకపోతే చదువు ముఖమే చూడని వేలమంది ఉన్నారు, వాటి విలువ నాకు తెలుసు. కానీ పిల్లల్ని వర్గాల వారీగా వేరు వేరు భవనాల్లో ఉంచితే, ఆల్‌పోర్ట్ చెప్పిన కలయికకు చోటెక్కడ?

ర్యాగింగ్‌ను సమర్థించేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు. "దాంతో బిడియం పోతుందన్నా" అంటారు. ఆల్‌పోర్ట్ మొదటి షరతే సమాన హోదా. ఒకడు కుర్చీలో కూర్చుని ఇంకొకణ్ని నిలబెట్టి ఆడించే చోట ఆ షరతు మొదటి నిమిషంలోనే చచ్చిపోతుంది. మన రాష్ట్రంలో 1997 నుంచి ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. దీని గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

ప్రవర్తన సంగతి ఇది. ఆలోచనలో వచ్చే మార్పు కాస్త నెమ్మది. హార్వర్డ్‌లో విలియం పెర్రీ అనే ఆయన విద్యార్థులతో ఏడాదికేడాది మాట్లాడుతూ పోయి, 1970లో ఒక చిత్రం గీశాడు. చేరిన కొత్తలో పిల్లల దృష్టిలో ప్రతి ప్రశ్నకూ ఒకటే సరైన జవాబు ఉంటుంది, అది సారు దగ్గర ఉంటుంది. తర్వాత సార్లలోనే భేదాభిప్రాయాలున్నాయని తెలిసి, అయితే ఎవరి మాట వాళ్లకు సరే కదా అనుకుంటారు. చివరికి ఏ వాదనకు ఎంత ఆధారం ఉందో తూచడం నేర్చుకుంటారు. బిట్లు కంఠస్థం పట్టి వచ్చిన మన పిల్లలు మొదటి మెట్టు మీద ఎక్కువ కాలం ఆగిపోతే అది వాళ్ల తప్పు కాదు. "సార్, పరీక్షలో ఏది రాయాలి?" అనే ప్రశ్న ఏ సెమిస్టర్‌లో ఆగిపోయిందో గమనించిన లెక్చరరుకు పెర్రీ చెప్పింది కొత్తగా అనిపించదు. అదే వయసులో మెదడు ముందు భాగం ఇంకా కుదురుకుంటూ ఉంటుంది, ఆ పని ఇరవైల మధ్య దాకా సాగుతుంది. పాతికేళ్లు నిండిన రోజున స్విచ్చు వేసినట్టు బుద్ధి వస్తుందని వాట్సాప్‌లో తిరిగే మాటను మాత్రం నమ్మకండి.

ఇన్ని మేళ్లూ జరగాలంటే పిల్లవాడు అక్కడ నిలవాలి. పల్లెలో తెలుగు మీడియం చదివి వచ్చినవాళ్లకు తొలి నెల నరకం. క్లాసులో ఇంగ్లీషు పారుతుంటుంది, పక్కవాళ్లు తలలూపుతుంటారు, "ఇది నాలాంటోళ్ల చోటు కాదేమో" అనిపిస్తుంది. తలలూపేవాళ్లలో సగం మందికీ అర్థం కావడం లేదన్న సంగతి తెలిసేసరికి కొందరు పెట్టె సర్దుకుని ఊరి బస్సెక్కేసి ఉంటారు. ఈ అనుమానం మీద వాల్టన్, కోహెన్ అనే ఇద్దరు అమెరికాలో ఒక చిన్న పని చేసి, 2011లో ఫలితం ప్రకటించారు. కొత్తగా చేరినవాళ్లతో ఒక గంట గడిపారు. "మాకూ మొదట్లో ఇలాగే అనిపించింది, తర్వాత సర్దుకుంది" అన్న సీనియర్ల అనుభవాలు చదివించి, తమ సంగతి కూడా రాయమన్నారు. అంతే. ఆ గంట గడిపిన నల్లజాతి విద్యార్థుల మార్కులు తర్వాతి మూడేళ్లలో మెరుగయ్యాయి, తెల్లజాతి వాళ్లతో ఉన్న అంతరం సగానికి తగ్గింది.

కొత్త విద్యార్థుల కోసం 2019లో యూజీసీ దీక్షారంభ్ పేరుతో ఒక కార్యక్రమం రూపొందించింది. చాలాచోట్ల అది వేదిక, దీపం, అతిథులు, శాలువాలు, రెండు గంటల ఉపన్యాసాలుగా మిగిలింది. ఆ వేదిక మీద సత్యవేడు పక్క పల్లె నుంచి వచ్చి రెండో ఏడు చదువుతున్న అమ్మాయిని నిలబెట్టి, "మొదటి నెలంతా నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, బాత్రూములో ఏడ్చినాను, దసరాకు ఇంటికి పోతే తిరిగి రాననుకున్నాను" అని చెప్పించవచ్చు. అదే రోజు సాయంత్రం గదులకు చీటీలు తీయవచ్చు. శాలువాల ఖర్చు కూడా మిగులుతుంది.