నిచ్చెనెక్కి కొప్పు వేసిన బొమ్మ: దాని వెనుక కథ

కుర్చీలో ఒక దొరసాని. కొప్పు ఆమె తలపై మేడలా లేచింది. నిచ్చెనెక్కి ఒకడు ముంగురులు సర్దుతున్నాడు, ఇంకొకడు ఓడల్లో వాడే కొలత పరికరంతో కొప్పు ఎత్తు లెక్క కడుతున్నాడు. ఫోన్లలో ఈ బొమ్మ కనిపించినప్పుడల్లా కింద ‘అప్పట్లో ఇలా ఉండేవారట’ అని రాసి ఉంటుంది. నాకు బాధ కలిగేది అక్కడే. ఇది 1771లో లండన్‌లో వచ్చిన వ్యంగ్య చిత్రం. దీన్ని ఫొటోలా చూస్తే, గీసినవాళ్ల కోపం మనకు కనబడకుండా పోతుంది.

దీన్ని అచ్చు వేసింది డార్లీ దంపతులు. మాథ్యూ, మేరీల దుకాణం స్ట్రాండ్ వీధిలో 39వ నంబరు. మేరీ స్వయంగా చిత్రకారిణి. వ్యంగ్య చిత్రం గీయడం నేర్పే పుస్తకం 1762 ప్రాంతంలోనే తెచ్చింది. ఎవరైనా ఊహ చెప్పినా, చిత్తు గీత పంపినా, వాళ్లు రాగి రేకు మీద చెక్కి అచ్చు తీసేవారు. అప్పట్లో ఇలాంటి బొమ్మ మామూలుది ఆరు పెన్నీలు, రంగులు వేసింది ఒక షిల్లింగు, అంటే పన్నెండు పెన్నీలు. కొనలేనివాళ్లు దుకాణం అద్దం ముందు గుమిగూడి చూసేవారు.

వాళ్లకు పేరు తెచ్చింది ‘మకరోనీ’లు. ఐరోపా యాత్ర చేసి, మకరోనీ వంటి ఇటలీ తిండినీ అలవాట్లనూ మోసుకొచ్చిన షోకిల్లారాయుళ్లకు అది మారుపేరు. బిగుతు కోటు, పైకి లేచిన విగ్గు, దాని మీద చిన్న టోపీ. 1764 నాటికే రచయిత హోరేస్ వాల్పోల్ తన ఉత్తరంలో ‘మకరోనీ క్లబ్బు’ గురించి రాశాడు. 1771-73 మధ్య డార్లీలు ఈ వరసలో ఆరు సంపుటాలు తెచ్చారు, ఒక్కోదానిలో 24 బొమ్మలు. జనం ఆ కొట్టునే మకరోనీ దుకాణం అనసాగారు.

అయితే వాటిలో అందరూ సోకులరాయుళ్లు కారు. నావికుడు కెప్టెన్ కుక్‌తో ప్రపంచం చుట్టి వచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్‌ను రెండు భూగోళాల మీద కాళ్లు పెట్టి సీతాకోకచిలుకను పట్టబోతున్నట్టు గీశారు. జూలియస్ సుబీజ్ సంగతి ఇంకా బాధాకరం. కరీబియన్ దీవిలో బానిసగా పుట్టి, క్వీన్స్‌బరీ డచెస్ దయతో స్వేచ్ఛ పొంది, కత్తిసాము నేర్చి దొరలా తిరిగిన నల్లజాతి యువకుడతను. 1772లో అతని బొమ్మకు ‘ముంగో మకరోనీ’ అని పేరు పెట్టారు. ముంగో అంటే అప్పటి ఒక నాటకంలో నల్ల నౌకరు. నా దృష్టిలో ఆ బొమ్మ వెక్కిరించింది కోటును కాదు. ఆ కోటు అతని ఒంటి మీద ఉండటమే వాళ్లకు తప్పుగా తోచింది.

బట్ట మీద కోపం ఇంగ్లండ్‌కు కొత్త కాదు, అందులో మనకూ సంబంధం ఉంది. మచిలీపట్నం వంటి కోరమాండల్ రేవుల నుంచి వెళ్లిన అద్దకం బట్టలు కట్టుకున్న ఆడవాళ్లపై 1719లో లండన్ నేతగాళ్లు వీధుల్లో దాడి చేశారు. ఆ బట్టలు తమ కూటికి ఎసరు పెడుతున్నాయని వాళ్ల భయం. 1721లో అద్దకపు నూలు బట్టలు కట్టడాన్నే చట్టం నిషేధించింది.

ఇక కొప్పుల విషయం. 1770లలో అవి నిజంగానే పెరిగాయి. లోపల గుర్రపు వెంట్రుకలో ఉన్నో కుక్కి, కొవ్వుతో చేసిన పూత రాసి, పైన పిండిపొడి చల్లేవారు. కానీ అప్పటి తైలవర్ణ చిత్రాల్లో కొప్పు సుమారు ముఖమంత ఎత్తే ఉంటుంది. దాన్ని మేడ చేసింది అచ్చు బొమ్మలే. 1776లో కొప్పు మీద అమెరికాలో జరిగిన బంకర్స్ హిల్ యుద్ధాన్నే గీశారు, గుడారాలు, ఫిరంగులతో సహా. అక్కడ బ్రిటన్‌పై స్వాతంత్ర్య యుద్ధం నడుస్తున్న రోజులవి.

ఇంత నవ్వినా తలల మీది పౌడరు పోలేదు. 1795లో తిండిగింజల కరువు వచ్చింది. అదే ఏడు ప్రధాని పిట్ జుట్టు పౌడరుకు ఏటా ఒక గినీ (21 షిల్లింగులు) పన్ను వేశాడు. ఆ తర్వాతే చాలామంది పౌడరు మానేశారు.